గొర్రెపిల్ల దీపం

జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన డెలికా మాది.
స్టీరింగు కుడివైపు, మేం నడిచేదీ కుడివైపే.
అరలో దాని పుస్తకం ఉంది,
నాకు ఒక్క అక్షరమూ రాదు.
చక్రాలకు నేల అర్థమైతే చాలదా అనుకున్నాను.

పశువుల డాక్టరును నేను.
గొర్రె చెవి పట్టుకుని జ్వరమెంతో చెప్తాను,
ఒంటె నెమరు మానేసిన పూటే దాని కడుపులోకి చూస్తాను.
అలాంటిదాన్ని
మీటర్ల మధ్య పసుపుగా ఇంజను బొమ్మ వెలిగితే
చూసీ చూడనట్టు మూడు వారాలు తిరిగాను.
బండి నడుస్తోంది కదా.
ఈ మాటే ఎందరు కాపరులు నాతో అనలేదు,
మేస్తోంది కదా డాక్టరమ్మా, అని!

రాత్రిళ్ళు ఆ వెలుగు కళ్ళలో పడుతోందని విసుక్కుంటే
నా కూతురు అనుంగూ, ఐదేళ్ళది,
స్టిక్కరొకటి తెచ్చి అద్దం మీద అతికించింది.
తెల్ల గొర్రెపిల్ల.
దాని పొట్టలోంచి పసుపు వెలిగింది
వేడి పాలు తాగినట్టు.
"చూడమ్మా, బతికే ఉంది" అంది.
ఇంకెవరు పీకుతారు దాన్ని?

అర్వైఖేర్ దాటి కనుమ ఎక్కుతున్నాం.
జనవరి. మైనస్ ముప్పై ఒకటి.
గొర్రెపిల్ల పక్కన ఎర్రగా ఇంకొకటి:
చిన్న నూనె కూజా, ముక్కు చివర ఒక్క చుక్క.
దీనికి పుస్తకం అక్కర్లేదు.

ఇంజను ఆపితే హీటరు ఆగుతుంది.
ఆపకపోతే ఇంజనే ఆగుతుంది, మళ్ళీ లేవకుండా.
వెనక సీట్లో పిల్ల.
పైన ఒవో రాళ్ళగుట్ట మీద నీలి గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి.
నాలుగు కిలోమీటర్లు పోతే టీ కొట్టుంది, అంది కాలు.
చెయ్యి తాళం తిప్పేసింది.

లోహం చల్లారుతూ
టిక్కు టిక్కుమనడం లెక్కపెట్టాం ఇద్దరం.
కాసేపయ్యాక నూనె కొలిచే పుల్ల లాగి, తుడిచి, ముంచి, తీశాను.
కొసన కూడా తడి లేదు.
ఎండిపోయిన మూతి. నాకు తెలిసిన రోగమే.

దూడల కోసం పెట్టుకున్న ఉన్ని దుప్పట్లలో నలభై నిమిషాలు.
అప్పుడొచ్చింది బొగ్గు లారీ.
ఇంజను పక్కన వెచ్చబెట్టిన నూనె డబ్బాను
కోటులో దాచుకుని, పసిగుడ్డును తెచ్చినట్టు తెచ్చాడు డ్రైవరు.
పేరు అడగడం మరిచాను.
ఎరుపు ఆరాకే కదిలాం.

బయన్‌ఖొంగొర్‌లో గొంబొ అని మెకానిక్కు.
స్టిక్కరు చూసి నవ్వలేదు, గోటితో పీకనూ లేదు.
"పసుపంటే నీతో కాస్త మాట్లాడాలి అని.
ఎరుపంటే ఇక మాటల్లేవు అని.
మూడు వారాలు దాన్ని నోరెత్తనివ్వలేదు నువ్వు."
కారే సీలు మార్చాడు, ఒక సెన్సారూ మార్చాడు.
నేను డబ్బులు లెక్కపెడుతుంటే
బండిలోంచి ఏడుపు:
గొర్రెపిల్ల చచ్చిపోయింది.

గడ్డకట్టిన దొడ్ల ముందు నిలబడి
ఎన్ని చావులు చెప్పానో మనుషులకు.
ఈ ఒక్కదానికి మాట దొరకలేదు.

గొంబొ చేతులు తుడుచుకుని వచ్చాడు.
పిల్ల వేళ్ళ మీద తన నల్లటి వేళ్ళు వేసి
తాళం సగమే తిప్పించాడు.
ఇంజను లేవలేదు, దీపాలన్నీ లేచాయి.
బ్యాటరీ, బెల్టు, బ్రేకు, నూనె కూజా,
వాటి నడుమ పొట్ట వెలిగిన గొర్రెపిల్ల.
"మంద లెక్క ఇది" అన్నాడు,
"రోజూ పొద్దున, అందరూ ఉన్నారా అని.
బండి కదిలాక పడుకుంటే మంచిదే.
లెక్కకు లేవనిదుంటే మాత్రం అమ్మకు చెప్పు."

అప్పట్నుంచీ సగం తాళం దగ్గర ఆగుతున్నాను.
వెనకనుంచి వేలు చూపిస్తూ లెక్కపెడుతుంది అనుంగూ.
ఈ పొద్దున ఒకటి తక్కువ అంది.
బడికి ఆలస్యమవుతోంది.
తాళం తీసి, మళ్ళీ పెట్టి,
మొదటి నుంచి లెక్కపెట్టమన్నాను.